పిల్లలు చేసే పర్యావరణ గేములన్నీ చెత్త ఏరే ఆటలే ఎందుకవుతున్నాయి? (6–8 తరగతులు, స్క్రాచ్)

లెక్కలసారు, నాగర్‌కర్నూల్ జిల్లా

అందరికీ నమస్తే. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ ఏడాది ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న పిల్లలతో శనివారం మధ్యాహ్నాలు స్క్రాచ్ క్లబ్ నడుపుతున్నాం. స్క్రాచ్ అంటే దిమ్మెలు జోడిస్తూ పిల్లలు గేములు చేసుకునే కోడింగ్ సాఫ్ట్‌వేర్. జాతీయ విద్యావిధానం 2020 ఎలాగూ ఈ తరగతుల నుంచే కోడింగ్ ఉండాలంటోంది. అంశం పిల్లలే ఎంచుకున్నారు, పర్యావరణం అన్నారు.

చిక్కేంటంటే, ఏ గుంపును కదిలించినా ఒకటే గేమ్. పైనుంచి ప్లాస్టిక్ సీసాలు పడుతుంటాయి, కింద బుట్టతో పట్టుకోవాలి. పడితే పది పాయింట్లు, జారితే ఒక లైఫ్ పోతుంది. చివర్లో "చెట్లు నాటండి, భూమిని కాపాడండి" అని తెర మీద వస్తుంది. ఒక గుంపు సీసాల బదులు గుర్రపుడెక్క పెట్టింది, తేడా అంతే. సీసా తీసేసి మామిడికాయ పెట్టినా ఆ ఆట నడుస్తుంది. మరి ఇందులో పర్యావరణం ఎక్కడుంది?

ఈ పిల్లల్లో చాలామంది ఇళ్లలో బోరు కథలున్నాయి. ఎన్ని ఫీట్లు దించారో, ఎక్కడ అప్పు తెచ్చారో నోటికి చెప్తారు. అదేదీ గేములోకి రావట్లేదు. ఇలాంటివి చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

కోడింగక్క, దేవరకొండ (ఇప్పుడు హైదరాబాద్)

సార్, స్క్రాచ్ నేర్పే వీడియోల్లో మొదట వచ్చేదే పైనుంచి పడేవాటిని పట్టుకునే ఆట. పిల్లలకు వచ్చింది అది, దానికే బొమ్మలు మార్చారు. వాళ్లనేమీ అనలేం.

నేను పిల్లలతో కూర్చున్నప్పుడు ఒకటే అడుగుతాను: నీ గేములో ఆడేవాడికి ఆశ ఎక్కడ పుడుతుంది? చెత్త గేములో ఆశ లేదు. సీసా వదిలేస్తే ఎవరికీ లాభం లేదు. అందుకే ఆలోచించే పని లేదు, చేతివేగం ఉంటే చాలు. అసలు సీసా ఎందుకు పారేస్తాం? తేలిక కాబట్టి. నీళ్లు ఎందుకు తోడేస్తాం? పంట చేతికొస్తుంది కాబట్టి. తప్పు పనికి ముందు లాభం రావాలి, దెబ్బ ఆలస్యంగా తగలాలి, అదీ పక్కవాడికి కూడా తగలాలి. ఈ మూడూ గేము రూల్స్‌లోనే ఉంటే ఆఖర్లో స్లోగన్ అక్కర్లేదు.

మీ పిల్లల దగ్గర బోరు ఉంది కదా. నాలుగు పొలాలు, కింద అందరికీ కలిపి అవే నీళ్లు. కంప్యూటర్ ఆన్ చేయకుండా ముందు కాగితం మీద ఆడించండి.

టెన్త్‌ఫాదర్, మిర్యాలగూడ

అంతా బాగుంది కానీ ఇంట్లో ఫోన్ లాక్కోలేక చస్తున్నాం. బడిలో కూడా గేములేనా? దీనికి మార్కులేమైనా వస్తాయా?

లెక్కలసారు

మార్కులు రావు సార్. క్లబ్‌లో ఫోన్లు ఉండవు, ఆడటం కంటే చేయడం ఎక్కువ. చేసిన గేము తానే పదిసార్లు ఆడి చూస్తే విసుగొచ్చేస్తుంది వాళ్లకు, అది మీకు నచ్చుతుందేమో.

సైన్స్‌మేడం, మునుగోడు వైపు

మా అనుభవం కూడా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మా దగ్గర ఒక గుంపు తాగే నీళ్లలో ఉండి ఎముకలు వంచే ఫ్లోరైడ్ మీద చేస్తామంది. హీరో మంచినీళ్ల సీసాతో పరుగెడతాడు. కాళ్లు వంకరపోయిన మనుషులు వెంటపడతారు. వాళ్లు తగిలితే గేమ్ ఓవర్. గీసిన పిల్లాడికి చెడు ఉద్దేశం లేదు, ఫోన్లో చూసిన జాంబీ గేమే అది. కానీ అదే బెంచీలో ఉన్న ఒకమ్మాయి వాళ్ల తాత నడవలేడు, నిక్కరు తొడగడానికి కూడా మనిషి కావాలి. ఆ పిల్ల ఏమీ అనలేదు, మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నేను లెక్చర్ ఇవ్వలేదు. "ఆ మనిషి మీద గేము చేయొద్దు, ఆ మనిషే గేము ఆడేవాడైతే ఎలా ఉంటుందో చేయండి" అన్నాను. అప్పుడు మొత్తం మారిపోయింది. ఇప్పుడు ఆడేవాళ్లు ఒక ఇంటిని నడపాలి. ఇంటి వెనక బోరింగు, రోజు మార్చి రోజు వచ్చే నల్లా, డబ్బిచ్చి కొనే ప్లాంటు క్యాన్. ఇక్కడ సైన్స్ బాగా పనికొచ్చింది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగితే తెలియదు. అందుకని పిల్లలు మూడు నీళ్లకూ ఒకే నీలిరంగు వేశారు. పరీక్ష చేయిస్తేనే అంకె కనిపిస్తుంది, పరీక్షకు గేములో ఒక రోజు కూలి పోతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా, ఇది మన దేశ ప్రమాణం. దంతాలు ఏర్పడే వయసులో తాగితే పళ్ల మీద మరకలు తొందరగా కనబడతాయి, ఎముకలకు పట్టేది ఏళ్లు గడిచాక. కోడింగక్క గారు చెప్పిన ఆలస్యం దెబ్బ ఇదే.

పిల్లలు ఎగిరి గంతేసింది మాత్రం వేరే చోట. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది, బయటి దేశాల పుస్తకాల్లో కూడా అదే పేరుంటుంది అంటే నమ్మలేదు. చివరికి అది గేములో ఒక లెవెల్ అయింది. పటిక ఎక్కువైతే నీళ్లు పుల్లబడతాయి, సున్నం దానిలో ఇరవయ్యో వంతు వేయాలి, కలిపాక తేటపడే దాకా ఆగాలి. ఆగకుండా తాగితే లెవెల్ పోతుంది. పిల్లలు ఆగలేరు కదా, చాలామంది అక్కడే పోతున్నారు.

నీటిలెక్క, మహబూబ్‌నగర్

బోరు గేముకు అంకెలు నేనిస్తాను సార్. 2003లో మొదలైన రైతుల భూగర్భజల ప్రాజెక్టు ఒకటుండేది, ఏపీఫామ్స్ అనేవాళ్లం. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ అందులో ఉన్నాయి. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు, వాన కొలిచేవాళ్లు, యాసంగికి (రబీకి) ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయో, ఏ పంటకు ఎన్ని పోతాయో గోడ మీద రాసేవాళ్లు. పంట నీటి బడ్జెట్ అని. మీ గేము నిజానికి అదే.

లెక్క ఇది. మన వైపు ఏడాది వాన సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. మన గ్రానైట్ నేలలో అందులో పదో వంతు కిందికి దిగితే గొప్ప. అంటే 60, 70 మిల్లీమీటర్లు. యాసంగి వరికి 1200 దాకా పెట్టాలి. అందులో సగానికి కాస్త తక్కువ మళ్లీ ఇంకిపోతుందని వేసుకున్నా, ఒక ఎకరం వరి పది పదకొండు ఎకరాల మీద దిగిన వాననీళ్లు తాగుతుంది. పల్లి అయితే ఐదారెకరాల నీళ్లు చాలు.

ఇంకోటి. పిల్లలు భూమి కింద పెద్ద చెరువు గీస్తారు. మన దగ్గర అలా ఉండదు. మెత్తబడ్డ రాతి పొరలో, పగుళ్లలో ఉంటాయి నీళ్లు. నూరు లీటర్ల పొరలో పట్టేది రెండు మూడు లీటర్లే. అందుకే ఊరంతటి మీద ఒక సెంటీమీటరు నీళ్లు తోడితే మట్టం అర మీటరు దాకా దిగిపోతుంది. వాన పడితే అంతే వేగంగా పైకొస్తుంది కూడా. గేముకు ఇది మంచిది, ఎత్తుపల్లాలు బాగా కనిపిస్తాయి.

బత్తాయితోట, నల్లగొండ

చదువుతున్నా. సార్లకు దండం పెట్టి ఒకటి చెప్తా.

ఈ గేము ఎటు పోతుందో నాకు కనబడుతుంది. వరి పెట్టినోడు దొంగ, పల్లి పెట్టినోడు దొర. పిల్లలు ఇంటికొచ్చి నాయన్ను "నువ్వే నీళ్లు ఖాళీ చేసినవ్" అంటారు. వరి ఎందుకు పెడుతున్నాం? ఊళ్లనే కొనుగోలు కేంద్రం ఉంటది, కాంటా అయితది, పైసలు బ్యాంకుల పడతయ్. వేరే పంటకు ఆ భరోసా ఏది? 2018 జనవరి నుంచి కరెంటు 24 గంటలు ఫ్రీ. మోటరుకు ఆటోస్టార్టర్ పెట్టుకుని పడుకుంటే, పొద్దుగాల్ల లేచేసరికి మడి నిండి ఉంటది. ఆటోస్టార్టర్లు తీసేయండని సర్కారే బతిమాలింది అప్పట్ల, ఎంతమంది తీసిన్రు? పక్కోడు తీయకపోతే నేనెందుకు తీయాలె?

నా బత్తాయి తోట బోర్లు పోయి ఎండింది. నేను చదువుకున్నోన్నే, నాకు నీళ్ల లెక్క తెల్వదా? తెలిసే వేసిన ఇంకో బోరు. కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చూసేటాయన వచ్చిండు, కాయ లేచి నిలబడ్డది, నీళ్లు లేవలేదు. అది కూడా పెట్టండి గేముల.

కోడింగక్క

అన్నా, ఈ పోస్టు అంతా గేము డిజైనే. ఆటోస్టార్టర్ సంగతి చదివాక నాకు బటన్ కళ్లముందు కనిపిస్తోంది. ఆన్ చేస్తే ఆడేవాడికి చేతి పని తగ్గుతుంది, నీళ్లు రెండింతలు పోతాయి, రాత్రి ఎవరూ చూడరు.

లెక్కలసారు

నిన్న కాగితం మీద ఆడించాను. కాగితం అంటే, స్టీలు పళ్లెంలో ఇరవై చింతగింజలు. నలుగురు పిల్లలు నలుగురు రైతులు. వరి వేస్తే రెండు గింజలు తీసుకోవాలి, మూడు రూపాయల ఆదాయం. పల్లికి ఒక గింజ, రెండు రూపాయలు. ఏం వేస్తారో కాగితం ముక్క మీద రాసి ఒకేసారి తిప్పాలి. ఆ తర్వాత పాచిక వేస్తే ఎంత పడితే అన్ని గింజలు వాన.

మొదటి యాసంగి నలుగురూ వరే. రెండోదీ వరే. పళ్లెం అడుగు కనిపించాక ఒక పిల్ల పల్లికి మారింది. మిగతా ముగ్గురూ మారలేదు, పైగా "నీ గింజ మాకు మిగిలింది" అని నవ్వారు. ఆమెకు కోపమొచ్చి మరుసటి సారి మళ్లీ వరే రాసింది. ఐదో యాసంగికి పళ్లెం ఖాళీ.

అప్పుడు ఏడో తరగతి పిల్లాడొకడు, వాళ్లది వడ్డెరి కుటుంబం, నాన్న బోరుబండి మీద పని చేస్తాడు, లేచి "ఇట్ల కాదు సార్, అందరి బోరు ఒక్క లోతు ఉండదు" అన్నాడు. రూల్ వాడే చెప్పాడు. ఐదు రూపాయలు కడితే లోతు బోరు. పళ్లెంలో ఎనిమిది గింజలకంటే తగ్గితే లోతు బోరున్నవాళ్లకే నీళ్లు. రెండో ఆటలో ఈ రూల్ పెట్టాం. ఆదాయంలో ఎక్కువ భాగం బోర్లకే పోయింది, అందరూ లోతుకు దించాక మళ్లీ అందరూ సమానం, నీళ్లు మాత్రం లేవు. "మరి ఎందుకు వేసినం?" అని వాళ్లే ఒకరినొకరు అడుక్కున్నారు. నేను పాచిక పట్టుకుని కూర్చున్నాను, అంతే.

ఇప్పుడు దీన్ని స్క్రాచ్‌లోకి ఎలా ఎక్కించాలి?

కోడింగక్క

ఆ పిల్లాడికి నా తరఫున షేక్‌హ్యాండ్ ఇవ్వండి.

నీటిమట్టం అనే వేరియబుల్ (గేము గుర్తుపెట్టుకునే అంకె) "అన్ని స్ప్రైట్లకు" అని పెట్టండి. స్ప్రైట్ అంటే తెర మీద కదిలే బొమ్మ, ఇక్కడ ఒక్కో రైతు. లోతు, డబ్బు మాత్రం "ఈ స్ప్రైట్‌కు మాత్రమే". కింద నీళ్లు అందరివీ, పైన బోరు ఎవరిది వాళ్లది. ఈ తేడా స్క్రాచ్‌లో వేరియబుల్ చేసేటప్పుడు వచ్చే చిన్న డబ్బాలోనే ఉంటుంది, పిల్లలు చూడకుండా ఓకే కొట్టేస్తారు.

స్క్రాచ్ స్టేజి పైనుంచి కిందికి 180 నుంచి మైనస్ 180. సున్నా దగ్గర నేల గీయమనండి. నీళ్లు మైనస్ 40 దగ్గర మొదలై కిందికి పోతాయి. బోరు అడుగు మైనస్ 120 అనుకోండి. నీటిమట్టం లోతుకంటే పెద్దదైతే నీళ్లొస్తాయి, లేకపోతే మోటరు ఉత్తగా తిరుగుతుంది.

ఒక చిక్కుంది. యాసంగి అని మెసేజ్ బ్రాడ్‌కాస్ట్ చేస్తే నలుగురి కోడ్ ఒకేసారి నడిచినట్టు కనిపిస్తుంది కానీ లోపల ఒకరి తర్వాత ఒకరే. నీళ్లు తక్కువున్నప్పుడు ముందు తోడినవాడికి దక్కుతుంది. సరిచేయాలంటే ముందు అందరి కోరికా కూడి, ఆ తర్వాత పంచాలి. లేదా అలాగే వదిలేయండి, ఊళ్లో జరిగేది అదే కదా.

లెక్కలసారు

అక్కా, మీరు తెలిసి చెప్పారో తెలియక చెప్పారో, నా పాఠం మీరే చెప్పేశారు. మైనస్ 90 పెద్దదా మైనస్ 120 పెద్దదా అంటే ఆరో తరగతిలో పూర్ణసంఖ్యల దగ్గర క్లాసులో చాలామంది 120 అనే చెప్తారు. ఇక్కడ బోరు 120 దాకా ఉంది, నీళ్లు 90 దగ్గర ఉన్నాయి, నీళ్లు పైనున్నాయి, అందుతాయి. ఒక్కరూ తడబడలేదు.

కంప్యూటర్‌ల్యాబ్, సూర్యాపేట

మా ల్యాబులో విండోస్ 7 ఉంది, స్క్రాచ్ ఇన్‌స్టాల్ కావట్లేదు. ఎవరికైనా దారి తెలుసా?

కోడింగక్క

స్క్రాచ్ 3 యాప్‌కు విండోస్ 10 కావాలి. నెట్ ఉంటే క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచి చూడండి. ఫైల్ మాత్రం ప్రతిసారీ కంప్యూటర్‌లోకి సేవ్ చేసుకోమనండి, కరెంటు పోతే అంతే సంగతులు.

మన్ననూరు, అమ్రాబాద్

అన్నీ ఓడిపోయే గేములేనా? నీళ్లు అయిపోతాయి, ఎముకలు వంగుతాయి, తోట ఎండుతుంది. పన్నెండేళ్ల పిల్లలకు ఇది తప్ప ఇంకేం చూపించరా? మా నల్లమలలో యురేనియం తవ్వొద్దని జనం నిలబడితే 2019 సెప్టెంబర్లో అసెంబ్లీ తీర్మానం చేసింది. గెలిచిన కథ కూడా ఒకటి పెట్టండి. మహబూబ్‌నగర్ పిల్లలైతే పిల్లలమర్రి ఉంది. ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. అంతకంటే మంచి గేము బొమ్మ ఎక్కడ దొరుకుతుంది?

సైన్స్‌మేడం

మర్రిచెట్టు ఐడియా తీసుకుంటున్నాను. ఏ కొమ్మకు ముందు పెట్టాలి, సీసాలు ఎన్నున్నాయి, ఊడలు నేలకు దిగితే బరువు మోస్తాయా... ఎనిమిదో తరగతికి సరిగ్గా సరిపోతుంది.

కానీ ఓడిపోవడం తీసేయడానికి నేను ఒప్పుకోను. గేములో ఓడితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. పిల్లలకు అందులో భయం ఉండదు, పెద్దవాళ్లకే ఉంటుంది.

నీటిలెక్క

మన్ననూరు గారి మాటలో న్యాయముంది, అయితే గెలవడానికి దారి గేము బయటినుంచి తేవాల్సిన పని లేదు. ఇఫ్‌ప్రి అనే అంతర్జాతీయ సంస్థ, ఎఫ్‌ఈఎస్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతోనే అచ్చం ఇలాంటి భూగర్భజలాల ఆట ఆడించాయి. ఎక్కువ నీటి పంటా, తక్కువ నీటి పంటా అని ఎంచుకోవాలి, మట్టం దిగిపోతుంటుంది. ముందు మాట్లాడుకోకుండా ఆడారు, తర్వాత మాట్లాడుకోనిచ్చారు. ఆ ఫలితాలు 2016లో వ్యాసంగా వచ్చాయి. మీరు కూడా మూడో ఆట అలా పెట్టండి సార్, పంట రాసే ముందు రెండు నిమిషాలు మాట్లాడుకునే వీలివ్వండి. ఇంకా కావాలంటే చెరువు పూడిక తీయడానికి అందరూ తలా ఒక రూపాయి వేసే డబ్బా. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే వానకు రెండు గింజలు అదనం.

బత్తాయితోట

పాత రోజుల్ల నీరటి ఉండె. తూము ఎప్పుడు తీయాలె, ఎవరి మడికి ఎంతసేపు అనేది ఆయన చేతుల ఉండె. చెరువుకు నీరటి ఉన్నడు, బోరుకు లేడు. ఆడేటోళ్లల్ల ఒకన్ని నీరటిని చేయండి. లంచం ఇచ్చే బటన్ కూడా పెట్టండి మరి, ఉట్టిగ ఉండొద్దు.

లెక్కలసారు

మాట్లాడుకునే రెండు నిమిషాలు పెట్టాం. మొదటిసారి అందరూ పల్లి వేస్తామని ఒట్టు పెట్టుకున్నారు, కాగితాలు తిప్పితే ఇద్దరిది వరి. గోల గోల. ఆ తర్వాత నుంచి ఒప్పందం తప్పినవాడికి జరిమానా అని వాళ్లే రాసుకున్నారు. జరిమానా ఎవరు వసూలు చేయాలి అని ఇంకో గొడవ. నీరటి అక్కడ వచ్చాడు, పనికొచ్చాడు.

అన్నా, మీకు ఒక ప్రశ్న. పిల్లలు నిజమైన మద్దతు ధరలు పెడదామన్నారు. 2025–26కు వరి సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, జొన్న హైబ్రిడ్ 3,699, పల్లి 7,263. "జొన్నకూ పల్లికీ ధర ఎక్కువే కదా సార్, మరి వరి ఎందుకు వేస్తున్నారు?" అని అడుగుతున్నారు. కొనుగోలు కేంద్రం సంగతి చెప్పాను. ఇంకా?

బత్తాయితోట

క్వింటాలు ధర చూడొద్దు, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అనేది చూడాలె. వరి దిగుబడి దగ్గరికి జొన్న రాదు. పల్లి రేటు మంచిగనే ఉంటది, అచ్చంపేట మార్కెట్ల చూడండి. కానీ విత్తనం ఖర్చు, తెంపే కూలీలు, అన్నిటికంటే మించి కోతులు, అడవి పందులు. పొద్దుగాల కోతులు పీకుతయ్, రాత్రి పందులు తవ్వుతయ్. మా ఊళ్లె పల్లి బంద్ అయింది నీళ్లు లేక కాదు, కావలి ఉండలేక.

లెక్కలసారు

కోతులు అనగానే క్లబ్ అంతా లేచి నిలబడింది. ఇంతసేపూ బోరు గేముకు దూరంగా ఉన్న ఆరో తరగతి వాళ్లు కూడా కోతిని మేమే గీస్తామని క్యూ కట్టారు. అక్కా, గుంపుగా రావాలంటే ఎలా?

కోడింగక్క

ఒక కోతి స్ప్రైట్ చాలు, దానికి క్లోన్లు (నకళ్లు) చేయండి. మొత్తం ప్రాజెక్టులో 300 క్లోన్ల దాకా కుదురుతుంది, అన్ని పెట్టొద్దు, ఆ ల్యాబు కంప్యూటర్లు మోయలేవు. పల్లి వేసిన పొలం కనిపిస్తే ర్యాండమ్‌గా ఒకటి నుంచి ఆరు కోతులు. ఒక్కో కోతికి ఆదాయంలో ఇంత తగ్గించు అని పెట్టండి.

లెక్కలసారు

పెట్టాం. ఇప్పుడు పల్లి వేసినవాడు ప్రతిసారీ ఓడిపోతున్నాడు. అందరూ మళ్లీ వరికే పోతున్నారు, నీళ్లు మూడో యాసంగికే అయిపోతున్నాయి. కోతుల సంఖ్య తగ్గించమని సగం మంది, వద్దని సగం మంది. అన్నా, మీరేమంటారు?

బత్తాయితోట

తగ్గించకండి. కావలి మనిషిని పెట్టుకునే బటన్ ఇవ్వండి, రోజుకు కూలి కట్ చేయండి. నాలుగు పొలాలు పక్కపక్కనే ఉంటే ఒక్క మనిషే చాలు, కూలి నలుగురూ పంచుకోవచ్చు. దూరం దూరం ఉంటే ఎవరిది వాళ్లే. పొలాలు ఎట్ల గీసిన్రో ఒకసారి ఫోటో పెట్టండి సార్, చూసి చెప్తా.